సైన్ లాంగ్వేజ్ రాదు, తాపీ పని రాదు, జమైకాలో బధిరుల కమ్యూనిటీకి బిల్డింగ్ పనికి వాలంటీర్‌గా వెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇదీ: డాలస్‌లో ఐటీ జాబ్, ఆఫీస్ ఫ్రెండ్స్ గ్రూప్ ఒకటి రెండు వారాలకి జమైకా వెళ్తోంది, మాండెవిల్ వైపు ఒక బధిరుల కమ్యూనిటీలో మీటింగ్ హాలు, దాని పక్కన రెండు ఇళ్ళు కట్టే పని. మీకు సైన్ లాంగ్వేజ్ రాదు, తాపీ ఎప్పుడూ పట్టుకోలేదు. వెళ్తే నిజంగా ఉపయోగపడతానా, లేక ఆ టికెట్ డబ్బులు వాళ్ళకే పంపేస్తే మంచిదా అని.

సూటిగా చెప్తా. సైట్‌లో మేస్త్రీ బధిరుడై, మీరు ఆయన చేతికింద మనిషిగా పనిచేసేట్టయితే తప్పకుండా వెళ్లండి. పనంతా బయటినుంచి వచ్చిన వాళ్ళు చేస్తూ, ఊళ్ళో బధిరులు పక్కన నిలబడి చూసే ఏర్పాటైతే వెళ్ళకండి, డబ్బులు పంపండి. రెండో రకం ప్రాజెక్టులు కూడా బాగానే జరుగుతాయి, గోడలు లేస్తాయి, ఫోటోలు వస్తాయి, కానీ అక్కడ పని నేర్చుకోవాల్సిన కుర్రాడికి ఏ పనీ దొరకదు.

నేనెవరో రెండు ముక్కలు చెప్తా. కాకినాడలో సివిల్ చదివి ఇప్పుడు ఫ్లోరిడాలో కన్‌స్ట్రక్షన్‌లో ఉన్నా, జమైకాలో బధిరుల సైట్లకి చాలాసార్లు వెళ్ళా. మా పెద్దనాన్న గారి అబ్బాయి పుట్టుకతో బధిరుడు, రాజమండ్రి దగ్గర సెంట్రింగ్ పని చేస్తాడు, అన్నయ్యతో పాటు సైట్ల మీద తిరుగుతూ పెరిగా కాబట్టి చెవులు వినపడని మనిషి పనిలో ఎంత నిక్కచ్చిగా ఉంటాడో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ముందు మీరు వెళ్ళే చోటు గురించి. జమైకా బధిరుల విషయంలో అనాథ దేశమేం కాదండి, అక్కడివాళ్ళు ఎప్పటినుంచో పనిచేసుకుంటున్నారు. జమైకా అసోసియేషన్ ఫర్ ది డెఫ్ 1938లో మొదలైంది. కరీబియన్ క్రిస్టియన్ సెంటర్ ఫర్ ది డెఫ్ 1958 నుంచి ఉంది, మాండెవిల్ దగ్గర నాక్‌పాట్రిక్‌లో, కింగ్‌స్టన్‌లో, మాంటెగో బేలో స్కూళ్ళు నడుపుతోంది, చదువైపోయిన పెద్దవాళ్ళు ఉండి పనిచేసుకోడానికి జమైకా డెఫ్ విలేజ్ అని మాండెవిల్ దగ్గరే పెట్టారు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని 2007 మార్చి 30న ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం జమైకానే, మనం అదే ఏడాది అక్టోబర్‌లో ఆమోదించాం. వాళ్ళ వికలాంగుల చట్టం 2014లో పాసై 2022 ఫిబ్రవరి 14న అమల్లోకొచ్చింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీరు వెళ్ళేది హక్కులు తెలిసిన, సంఘాలున్న మనుషుల దగ్గరికి. ఏం కట్టాలో వాళ్ళకి తెలుసు. వాళ్ళకి కావాల్సింది సామానూ, చేతులూ, కొన్నిచోట్ల ఇంజనీరు సంతకం.

ఇప్పుడు మీరు భయపడుతున్న విషయం, భాష. వెళ్ళే ముందు కనీసం రెండు నెలలు అమెరికన్ సైన్ లాంగ్వేజ్ నేర్చుకోండి, రోజుకి అరగంట చాలు. జమైకన్ సైన్ లాంగ్వేజ్ దానికి బాగా దగ్గర, స్కూళ్ళ ద్వారా అమెరికా ప్రభావం చాలా ఉంది, అక్షరాలు ఒంటిచేత్తోనే చూపిస్తారు. మన ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌లో ఇంగ్లీషు అక్షరాలకి రెండు చేతులూ కావాలి, అన్నయ్య దగ్గర నేర్చుకున్నది నాకు అక్కడ పెద్దగా అక్కరకి రాలేదు. సైట్‌లో ఒంటిచేతి అక్షరాలు ఎంత సుఖమంటే, ఓ చేత్తో దారం పట్టుకుని రెండో చేత్తో బ్లాకు సైజు, రాడ్ సైజు చెప్పేయొచ్చు. కాబట్టి అక్షరాలు, అంకెలు, కొలతలు, ఆగు, ఇంకా, చాలు, పైకి, కిందకి, వంకర, సరిగ్గా ఉంది, నీళ్ళు, ప్రమాదం, అర్థం కాలేదు మళ్ళీ చెప్పు, ఇవి ముందు పట్టుకోండి. "అర్థం కాలేదు" అన్నది మాత్రం సిగ్గుపడకుండా వాడండి, అర్థమైనట్టు తలూపేసి తప్పు గోడ కట్టే వాలంటీర్‌తోనే మేస్త్రీకి అసలు తలనొప్పి.

ఒక జాగ్రత్త. మీరు యూట్యూబ్‌లో నేర్చుకున్న అమెరికన్ సైగకీ వాళ్ళు చేసేదానికీ తేడా వస్తే వాళ్ళదే కరెక్ట్, దిద్దకండి. ఇంకోటి, పక్క జిల్లా సెయింట్ ఎలిజబెత్‌లో కొన్ని ఊళ్ళలో కంట్రీ సైన్ అని వేరే సైగల భాష ఉంది, వాళ్ళ పత్వా మాటలో కొంచ్రి సైన్ అంటారు, స్కూళ్ళు రాకముందు ఊళ్ళలో దానంతట అది పుట్టింది. ఇప్పుడు ముసలివాళ్ళ దగ్గరే ఎక్కువ మిగిలింది. మీ సైట్‌కి అటునుంచి ఎవరైనా పెద్దాయన పనికొస్తే, మీ అమెరికన్ సైగలు ఆయనకి అందకపోవచ్చు, అప్పుడు మధ్యలో ఉన్న కుర్ర మేస్త్రీయే మీ ఇద్దరికీ దుబాసీ. మీతో వచ్చిన వినే ఇంటర్‌ప్రెటర్ ఆ పని చేయలేడు.

ఇక సైట్ సంగతి. ఇది కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే దెబ్బలు తగిలేది ఇక్కడే.

మన సైట్ల మీద సేఫ్టీ అంతా అరుపులతో నడుస్తుంది. "ఏయ్ తప్పుకో", "పైన చూస్కో", లారీ రివర్స్ వచ్చేటప్పుడు బీప్ బీప్. బధిరుల సైట్‌లో ఇవేవీ పనిచేయవు, అక్కడ సేఫ్టీ మొత్తం చూపు మీద ఉంటుంది, ఎవరు ఎవరికి కనపడుతున్నారు అన్నదే లెక్క. మా దగ్గర పద్ధతి ఏంటంటే మిక్సర్ దగ్గర ఒకడు, పరంజా కింద ఒకడు, లారీ వెనక ఒకడు ఎర్రగుడ్డతో నిలబడతారు, వాళ్ళకి వేరే పని చెప్పరు. ఎవరినైనా పిలవాలంటే వాళ్ళ కంటి అంచుకి అందేలా చెయ్యి ఊపాలి, లేదా దగ్గరికెళ్ళి భుజం మీద మెల్లగా తట్టాలి. నిచ్చెన మీద, పరంజా మీద ఉన్నవాణ్ణి, గ్రైండర్ పట్టుకున్నవాణ్ణి వెనకనుంచి ముట్టుకోవద్దు, ఎంత అర్జెంటైనా సరే, తుళ్ళిపడితే అంతే. ముందువైపుకి తిరిగెళ్ళి కనపడండి, లేదా పవర్ ఆపేయండి. గులకరాయి విసిరి పిలవడం కొంతమంది వాలంటీర్లు చేస్తారు, అది అవమానం, దెబ్బ కూడా తగులుతుంది.

డస్ట్ మాస్కూ, నల్లకళ్ళద్దాలూ మాట్లాడేటప్పుడు తీసేయాలి. సైగల్లో సగం వ్యాకరణం ముఖంలోనే ఉంటుంది, కనుబొమలు లేపితే ప్రశ్న, నోటి కదలికతో అర్థం మారుతుంది. మాస్కు పెట్టుకుని బ్లాకు కోస్తూ మధ్యలో మాట్లాడబోతే అటు దుమ్మూ పీలుస్తారు ఇటు మాటా అందదు. మెషీన్ ఆపండి, రెండడుగులు పక్కకి రండి, మాస్కు దించండి, చెప్పండి, మళ్ళీ వెళ్ళండి. పని నెమ్మదిస్తుంది అనిపిస్తుంది గానీ నా అనుభవంలో నెమ్మదించదు, ఎందుకంటే చేతుల్లో గమేళా ఉన్నప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేరు కాబట్టి చెప్పాల్సిందంతా పని మొదలుకాకముందే గుండ్రంగా నిలబడి పూర్తిగా చెప్పేసుకుంటారు. పొద్దున్నే ఆ పావుగంట మీటింగ్‌కి మీరు లేటుగా వెళ్తే ఆ రోజంతా గుడ్డిగా పనిచేస్తారు.

నడుస్తూ మాట్లాడుకుంటున్న ఇద్దరి మధ్యలోంచి వెళ్ళాల్సి వస్తే ఆగి క్షమాపణ చెప్పే తతంగం వద్దు, గబుక్కున దాటేయండి, అదే మర్యాద. మధ్యలో నిలబడితేనే వాళ్ళ మాట తెగుతుంది.

మీకు తాపీ పని రాదన్నారు కదా, మంచిదే, గోడ కట్టకండి. నిజంగానే అంటున్నా. జమైకాలో గోడలు ఎక్కువగా ఆరంగుళాల హాలో సిమెంట్ బ్లాకులతో కడతారు, పునాదిలోంచి లేచిన రాడ్లు ఆ బ్లాకు బొక్కల్లోంచి పైకి వెళ్తాయి, ఆ బొక్కల్ని కాంక్రీట్‌తో కూరాలి. తుఫాను, భూకంపం రెండూ ఉన్న దీవి అది, గోడ బలమంతా ఆ నింపడంలోనే ఉంది. పైకి చూస్తే రసమట్టానికి, గుండుకి గోడ బ్రహ్మాండంగా ఉంటుంది, లోపల ఖాళీగా ఉంటే ఎవరికీ తెలీదు. కొన్నేళ్ళ క్రితం వేరే చోట ఒక వాలంటీర్ గ్రూప్ వారంలో కట్టేసి వెళ్ళిన గోడ తలుపు ఫ్రేమ్ కోసం కోస్తే లోపల మాలు సగం కూడా దిగలేదు, పైన రెండు వరసలే నిండాయి. అక్కడి బధిర మేస్త్రీ దాన్ని మొత్తం పడగొట్టి మళ్ళీ కట్టాడు, సిమెంట్ దండగ, వారం కూలీ దండగ. ఆయన మొదటి రోజే వద్దని చెప్పాడట, ఇంటర్‌ప్రెటర్ ఆ రోజు సైట్‌లో లేక ఎవరూ పట్టించుకోలేదు.

మీరు చేయదగ్గ పనులు చాలా ఉన్నాయి: మాలు కలపడం, బ్లాకులు అందించడం, రాడ్లు కట్టడం (ఇది ఒక పూటలో నేర్చుకోవచ్చు), పునాది తవ్వడం, ఇసక జల్లెడ పట్టడం, పెయింట్, నీళ్ళు పట్టడం. నీళ్ళ గురించి ఒక మాట, మాండెవిల్ ఉన్న మాంచెస్టర్ జిల్లా సున్నపురాయి కొండల మీద ఉంటుంది, పైన బాక్సైట్ ఎర్రమట్టి, వాననీళ్ళు నేలలోకి ఇంకిపోతాయి, పెద్ద నదుల్లేవు, ఇళ్ళలో చాలావరకు కప్పు మీద పడ్డ వాననీటిని ట్యాంకుల్లో పట్టుకుని వాడుకుంటారు. క్యూరింగ్‌కి, అంటే కొత్త సిమెంట్ పనిని ఆరకుండా తడపడానికి, మనలా గొట్టం వదిలేసి కూర్చుంటే వాళ్ళ తాగే నీళ్ళు ఖాళీ చేసినట్టే. తడి గోనెపట్టాలు కప్పడం, పొద్దున సాయంత్రం కొలతగా పోయడం, ఈ డ్యూటీ మీరే అడిగి తీసుకోండి, మీరున్న రెండు వారాలూ ఇది నిజంగా పనికొచ్చే పని.

కప్పు విషయంలో మాత్రం మీ గ్రూప్‌లో ఎవరికైనా డ్రాయింగ్ చదవడం వస్తే గట్టిగా అడగండి. 2024 జులై 3న బెరిల్ తుఫాను దక్షిణ తీరాన్ని ఊడ్చుకుంటూ వెళ్ళింది, 2025 అక్టోబర్ 28న మెలిస్సా కేటగిరీ 5గా గంటకి దాదాపు 295 కిలోమీటర్ల గాలితో వెస్ట్‌మోర్‌లాండ్‌లోని న్యూ హోప్ దగ్గర తీరం దాటింది, సెయింట్ ఎలిజబెత్‌లో బ్లాక్ రివర్ పట్టణం దాదాపు నేలమట్టమైంది. నాలుగువైపులా వాలు ఉన్న కప్పు, ప్రతి వాసాన్నీ గోడ మీది బీమ్‌కి పట్టే ఇనప స్ట్రాప్, రేకుల అంచుల్లో మేకులకి బదులు దగ్గర దగ్గరగా స్క్రూలు, ఈ మూడూ మానేస్తే డబ్బు మిగిలినట్టు కాదు, గాలికి కప్పే పోతుంది. ఇంకో సంగతి, తుఫాను హెచ్చరిక రేడియోలో, మైకులో వస్తే వీళ్ళకి అందదు. మీరు కట్టే హాలే రేపు షెల్టర్ అయ్యేది, కాబట్టి మెరిసే లైటు అలారం, బ్యాటరీ మీద నడిచే లైట్లు, ఫోన్లు చార్జ్ చేసుకునే సోలార్ పాయింట్, ఇవి బడ్జెట్‌లో చివర్లో కొట్టేసే ఐటమ్స్ కాకూడదు. కరెంట్ పోతే మనం చీకట్లో కబుర్లు చెప్పుకుంటాం, వాళ్ళకి లైటు పోతే మాటే పోతుంది.

హాలు ప్లాన్ గురించి కూడా మీరు అడగలేదు గానీ చెప్పాలి. బధిరులకి ఇల్లు ఎలా ఉండాలి అన్నదాని మీద వాషింగ్టన్‌లోని గాలొడెట్ యూనివర్సిటీలో 2005 నుంచి హాన్సెల్ బౌమన్ అనే ఆర్కిటెక్ట్ బధిర విద్యార్థులతో కూర్చుని చేసిన పని ఉంది, డెఫ్‌స్పేస్ అంటారు. దాంట్లో విషయాలు చాలా మామూలువే, ఖర్చు కూడా పెద్దగా పెరగదు:

ఇద్దరు పక్కపక్కన సైగలు చేసుకుంటూ నడవాలంటే నడవా వెడల్పుగా ఉండాలి. మలుపుల్లో మూల పదునుగా కాకుండా కోసినట్టు ఉంటే ఎదురొచ్చే మనిషి ముందే కనపడతాడు. కూర్చునే చోటు గుర్రపు నాడా ఆకారంలో ఉంటే అందరికీ అందరి చేతులూ కనిపిస్తాయి. మాట్లాడేవాళ్ళ వెనక కిటికీ పెడితే ముఖం నల్లగా నీడలా కనపడుతుంది, అందుకే వెలుతురు పక్కనుంచి రావాలి. గోడలకి మెరవని నీలం, ఆకుపచ్చ రంగులు వేస్తే చేతుల రంగుకి ఎదురు నిలిచి కళ్ళు అలిసిపోవు. పెయింట్ మీ డ్యూటీ అయితే మెరిసే (గ్లాసీ) పెయింట్ డబ్బా తెచ్చిన స్పాన్సర్‌కి ఈ మాట చెప్పి మార్పించండి.

ఇంకా ఒకటి నేను సైట్ మీద నేర్చుకున్నది. చెక్క ఫ్లోర్ అయితే కాలు తాటించి పిలుస్తారు, ఆ అదురు అందరికీ తెలుస్తుంది, సిమెంట్ స్లాబ్ మీద అది అందదు. అక్కడ కట్టేవన్నీ దాదాపు స్లాబ్ ఫ్లోర్‌లే కాబట్టి పిలవడానికి లైటే దిక్కు, ప్రతి గది లైటుకీ తలుపు బయట ఒక స్విచ్ ఉండాలి. వైరింగ్ పైపులు గోడలో పడకముందే చెప్తే ఇది రూపాయి పని, తర్వాత చెప్తే గోడ పగలగొట్టాలి. ఇవన్నీ కూడా మీరు డిమాండ్ చేయాల్సినవి కావు, వాళ్ళని అడగాల్సినవి. అడిగితే మనకి తట్టనివి ఇంకా పది చెప్తారు. ఒకచోట వంటమనిషి తన వంటగదికీ హాలుకీ మధ్య గోడ సగమే ఉండాలంది, పిల్లలు ఏం చేస్తున్నారో చూస్తూ వండాలని. ప్లాన్ గీసిన వాళ్ళెవరికీ ఆ ఆలోచన రాలేదు.

డబ్బుల ప్రశ్నకి వస్తా. మీ గ్రూప్ అందరి టికెట్లూ బసా కలిపితే అక్కడ ఒక మేస్త్రీకీ ఇద్దరు కుర్రాళ్ళకీ చాలా నెలలు జీతం ఇవ్వొచ్చు, ఇది నిజం, దాచక్కర్లేదు. అందుకే నేనెప్పుడూ చెప్పేది, టికెట్ ఖర్చుకి సమానంగా అక్కడి బధిర పనివాళ్ళ కూలీ ఫండ్‌కి ఇవ్వగలిగితేనే బయల్దేరండి. అప్పుడు మీరు వెళ్ళడం వల్ల ఎవరి పనీ పోదు, పైగా పెరుగుతుంది. మరి వెళ్ళడం వల్ల అదనంగా ఏముంది అంటే, ఉంది. అమెరికా లెక్కల ప్రకారం బధిర పిల్లల్లో 90 శాతం పైగా వినే తల్లిదండ్రులకే పుడతారు, చాలామంది ఇంట్లో వాళ్ళతో సరిగ్గా మాట్లాడే భాషే లేకుండా పెరుగుతారు. అలా పెరిగిన ఒక ఇరవై ఏళ్ళ కుర్రాడు, వినేవాళ్ళు తన చేతుల వైపు చూసి, తను చెప్పినట్టు బ్లాకు జరిపి, మళ్ళీ తన వైపు చూసి సరేనా అని అడగడం సైట్ మీద మొదటిసారి చూస్తాడు. మా అన్నయ్యకి ఆ గౌరవం ఇవ్వడానికి మా ఊళ్ళో కాంట్రాక్టర్‌కి ఏళ్ళు పట్టింది, ఇప్పుడు అన్నయ్య లేకుండా స్లాబ్ వేయడు. డబ్బు పంపితే కూలీ వస్తుంది, ఇది మాత్రం మనిషి వెళ్తేనే వస్తుంది, అదీ భాష నేర్చుకుని వెళ్తేనే.

పిల్లల స్కూలు పక్కనే ఉంటుంది కాబట్టి ఇది కూడా. పిల్లల ఫోటోలు తీసి పెట్టకండి, ఒంటరిగా ఏ పిల్లాడితోనూ ఉండకండి, మీ గ్రూప్‌లో ప్రతివాళ్ళకీ పోలీస్ బ్యాక్‌గ్రౌండ్ చెక్ అడగని సంస్థ అయితే దాన్ని నమ్మకండి. తనకి జరిగింది బయటికి చెప్పుకోలేని పిల్లలున్న చోట ఇది అన్నిటికంటే ముఖ్యం.

పేపర్ల సంగతి: జమైకాలో జీతం లేని వాలంటరీ పనికి కూడా వర్క్ పర్మిట్ నిబంధన వర్తిస్తుంది, పర్మిట్ గానీ మినహాయింపు గానీ అక్కడి కార్మిక శాఖ నుంచి మిమ్మల్ని పిలిచిన సంస్థే ముందుగా తీసుకోవాలి. టూరిస్ట్‌లా దిగి సైట్‌కి వెళ్ళిపోదాం అనే గ్రూప్ లీడర్ మాట వినకండి. మీరు హెచ్‌1బీ మీద ఉంటే తిరిగి అమెరికాలోకి రావడానికి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ చెల్లుబాటులో ఉందో లేదో మీ అటార్నీతో మాట్లాడాకే టికెట్ కొనండి. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుఫాన్ల సీజన్, జనవరి నుంచి మార్చి మధ్య వానలు తక్కువ, మాండెవిల్ ఎత్తు మీద ఉంటుంది కాబట్టి రాత్రిళ్ళు చల్లగా ఉంటుంది, ఒక స్వెట్టర్ పెట్టుకోండి. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోండి, గట్టి బూట్లు, చేతికి పట్టేలా ఉండే గ్లవ్స్ మీవే తీసుకెళ్ళండి.

మీ గ్రూప్ లీడర్‌ని ఈ వారమే నాలుగు ప్రశ్నలు అడగండి: ప్లాన్ ఒప్పుకున్న కమిటీలో బధిరులు ఎంతమంది, సైట్ మేస్త్రీ ఎవరు, ఆయనకి జీతం ఎవరిస్తున్నారు, ఇంటర్‌ప్రెటర్ రోజంతా సైట్‌లో ఉంటారా లేక భోజనాల దగ్గరేనా. జవాబులు వచ్చాక ఇక్కడ రాయండి, హాలు డ్రాయింగ్ దొరికితే అది కూడా పెట్టండి, స్ట్రాప్‌లు, స్విచ్‌ల పొజిషన్లు చూసి నాకు తోచింది చెప్తా.